పప్పులో కాలు వేసిందెవరు?

‘ఏంటండీ ఇది? కందిపప్పు తెమ్మంటే శనగపప్పు తెచ్చారేంటి?’

‘పసుప్పచ్చగానే ఉందిగా!’

ఈ రెండు మాటలూ వినపడని ఇల్లు తెలుగునాట ఉంటుందంటే నమ్మడం కష్టం. పొరపాటు చేసినవాణ్ని ‘పప్పులో కాలేశాడు’ అంటాం. నెలసరి సరుకులు తెచ్చిన రోజు మాత్రం ఆ మాట అక్షరాలా నిజమైపోతుంది. శనివారం సాయంత్రం ఏ సూపర్ మార్కెట్‌కైనా వెళ్లి పప్పుల అరల దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఒక చేతిలో బుట్ట, మరో చేతిలో ఫోను పట్టుకుని, వీడియో కాల్‌లో ప్యాకెట్లను ఒక్కొక్కటే చూపిస్తూ ‘ఇదా? కాదా? మరి ఇదా?’ అని అడుగుతున్న మగవాళ్లు కనీసం ఇద్దరైనా తగులుతారు. అవతలి నుంచి వినిపించే గొంతులో మొదట ఓపిక, తర్వాత విసుగు, ఆ తర్వాత ‘సరే, మీరు వచ్చేయండి, నేనే వెళ్లి తెచ్చుకుంటా’.

ఆ చివరి మాట దగ్గరే ఈ వారం మన కబుర్లు. కాస్త నవ్వుకుందాం, కాస్త తేడాలు తెలుసుకుందాం, ఆ తర్వాత అసలు విషయానికి వద్దాం.

కన్ను చేసే మోసం కొంత, పేరు చేసే మోసం కొంత

ఒకప్పుడు వీధి చివర కిరాణా కొట్టు ఉండేది. చీటీ ఇస్తే కొట్టాయనే పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. ‘మీ ఇంట్లో వాడేది ఇది కాదు బాబూ, అమ్మగారు సన్నరవ్వ తీసుకుంటారు’ అని ఆయనే సరిదిద్దేవాడు. మన ఇంటి వంట మనకంటే ఆయనకే బాగా తెలుసు. ఇప్పుడు ఆయన స్థానంలో నిలువెత్తు అరలు వచ్చాయి. ఫోనులో ఆర్డర్ పెడితే బొటనవేలి గోరంత బొమ్మలు కనిపిస్తాయి. చెప్పే మనిషి లేడు, మనమే గుర్తుపట్టాలి.

పోనీ పేరు చదువుదామంటే అదో పద్మవ్యూహం. ప్యాకెట్ మీద హిందీ పేరో, ఇంగ్లిష్ పేరో ఉంటుంది. ‘రెడ్ గ్రామ్’ అంటే కందులు. పేరులో ఎరుపు ఉంది గానీ పప్పు పసుపు. ‘రెడ్ లెంటిల్’ అంటే మాత్రం ఎర్రగా కనిపించే మైసూరు పప్పు. ‘బ్లాక్ గ్రామ్’ అంటే నల్ల శనగలు అనుకుని తెస్తే ఇంటికొచ్చేది మినుములు. అదే మినుములకు పొట్టు తీస్తే తెల్లగా ఉంటాయి, ప్యాకెట్ మీద పేరు మాత్రం ‘బ్లాక్’ అనే ఉంటుంది! ‘బెంగాల్ గ్రామ్’ అంటే శనగలు, ‘గ్రీన్ గ్రామ్’ అంటే పెసలు, ‘హార్స్ గ్రామ్’ అంటే ఉలవలు. హిందీలో తూర్ కందిపప్పు, చనా శనగపప్పు, మూంగ్ పెసరపప్పు, ఉరద్ మినప్పప్పు, మసూర్ మైసూరు పప్పు. ఈ అయిదూ ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుంటే సగం గొడవలు తీరిపోతాయి.

మన తెలుగు పేర్లు మాత్రం తక్కువ తిన్నాయా? తెలంగాణ అమ్మాయి, రాయలసీమ అబ్బాయి పెళ్లి చేసుకున్నారనుకోండి. ఆవిడ ‘ఎల్లిగడ్డ’ తెమ్మంటుంది, ఫోనులో ఆయనకు ‘ఉల్లిగడ్డ’ అని వినిపిస్తుంది. ఎల్లిగడ్డ అంటే వెల్లుల్లి. సీమలో దాన్నే తెల్లగడ్డ అంటారు, ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారు. ఆయన ‘బుడ్డలు’ అంటే ఆవిడ తెల్లమొహం వేస్తుంది. ఆవిడ ‘పల్లీలు’ అన్నాక గానీ ఇద్దరూ మాట్లాడేది వేరుశనగ గురించే అని తేలదు. కోస్తా అత్తగారు ‘పప్పునూనె’ తెమ్మంటే కొత్తల్లుడు పప్పుల నుంచి కూడా నూనె తీస్తారా అని ఆశ్చర్యపోతాడు. అది నువ్వుల నూనె. ‘మంచినూనె’ అనే మాటకైతే ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం. కాబట్టి తప్పు తెచ్చినవాళ్ల మీద విరుచుకుపడేముందు, చెప్పిన పేరు వాళ్లకు తెలిసిన పేరేనా అని ఒక్కసారి ఆలోచించాలి.

ఇలా గుర్తుపట్టండి

ముందు పప్పులు. శనగపప్పు గింజ పెద్దది, మందం, ఒకవైపు బల్లపరుపుగా, రెండోవైపు ఉబ్బెత్తుగా ఉంటుంది. కందిపప్పు దానికంటే చిన్నది, పల్చన, గుండ్రటి బిళ్లలా ఉంటుంది. పెసరపప్పు ఇంకా చిన్నది, కోలగా, లేతపసుపులో ఉంటుంది. ఉడికాక తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కందిపప్పు మెత్తగా కలిసిపోతుంది. శనగపప్పు ఎంత ఉడికినా పలుకుగా నిలబడుతుంది. అందుకే శనగపప్పుతో సాంబారు పెడితే ‘ఇంకా ఉడకలేదేంటి’ అని కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి.

తర్వాత రవ్వలు. ఇడ్లీ రవ్వ బియ్యంతో చేసింది, తెల్లగా ఉంటుంది. ఉప్మా రవ్వ, అంటే బొంబాయి రవ్వ, గోధుమతో చేసింది, కొంచెం మీగడ రంగులో ఉంటుంది. రెండూ కవర్లో ఒకేలా కనిపిస్తాయి. ఇడ్లీ రవ్వతో మామూలు కొలతల్లో ఉప్మా చేస్తే అది అటు ఉప్మా కాదు, ఇటు పిండీ కాదు. ఉప్మా రవ్వను మినప్పిండిలో కలిపి రాత్రంతా ఉంచి ఇడ్లీ వేస్తే బంకలా సాగుతుంది.

పోపుల డబ్బా విషయానికొస్తే, జీలకర్ర సన్నగా, గోధుమ రంగులో గీతలతో ఉంటుంది. సోంపు గింజ లావు, పచ్చదనం, తియ్యటి వాసన. వాము బాగా చిన్నది, అరచేతిలో నలిపితే ఘాటు ముక్కుకు తగులుతుంది. షాజీరా జీలకర్ర కంటే సన్నగా, నల్లగా, కాస్త వంపు తిరిగి ఉంటుంది. ‘నల్ల జీలకర్ర’ అని రాస్తే మాత్రం ఒక కొట్టులో షాజీరా ఇస్తారు, మరో కొట్టులో కలోంజీ ఇస్తారు. కలోంజీ కోణాలు కోణాలుగా, మెరుపు లేకుండా ఉంటుంది. దాన్ని నల్ల నువ్వులనుకునేవాళ్లూ ఉన్నారు. నువ్వు గింజ చదునుగా, ఒక కొస సన్నగా ఉంటుంది. పెళ్లిపీటల మీద ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకున్న దంపతులకే జీలకర్ర తెలియకపోతే ఎలా అంటారా? ఆ ముహూర్తంలో చూపులు జీలకర్ర మీద ఉంటాయా చెప్పండి!

పిండుల్లో పెద్ద చిక్కు కార్న్‌ఫ్లోర్. మన దగ్గర ఆ పేరుతో అమ్మేది మొక్కజొన్న గంజిపొడి, తెల్లగా మెత్తగా ఉంటుంది, మంచూరియాకు పనికొస్తుంది. రొట్టెలు చేసే మొక్కజొన్న పిండి పసుపు రంగులో ఉంటుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఈ తెల్ల పొడి కావాలంటే ‘కార్న్ స్టార్చ్’ అని వెతుక్కోవాలి. అక్కడే కొత్తిమీరకు ఇంకో తంటా. ‘సిలాంట్రో’ అంటే కొత్తిమీర. దాని పక్కనే అచ్చం అలాగే ఉండే పార్స్‌లీ కట్ట ఉంటుంది. చూసి కాదు, ఆకు నలిపి వాసన చూసి తీసుకోవాలి. లేదంటే రసంలో కొత్తిమీర వాసన కోసం ఎంత వెతికినా దొరకదు.

బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్ కూడా కవల పిల్లల్లాంటివే. సోడా అంటే మన వంటసోడా. అది పొంగాలంటే పెరుగో నిమ్మరసమో లాంటి పులుపు తోడవ్వాలి. పౌడర్‌లో ఆ పులుపు ముందే కలిపి ఉంటుంది. సోడా బలం పౌడర్‌కు సుమారు మూడు రెట్లు. పిల్లాడి పుట్టినరోజు కేకులో చెంచా పౌడర్‌కు బదులు చెంచా సోడా పడిందంటే కేకు చేదెక్కి, సబ్బు తిన్నట్టుంటుంది.

ఇక ఎండుమిర్చి. ముడతలు ముడతలుగా, ముదురు ఎరుపులో ఉండేది బ్యాడిగి. రంగు ఎక్కువ, కారం తక్కువ. గుంటూరు మిర్చి నునుపుగా ఉంటుంది, కారం సంగతి చెప్పక్కర్లేదు. ఆవకాయ రోజుల్లో ఈ తేడా తెలియకపోతే ఏడాది పొడవునా తెలుస్తూనే ఉంటుంది.

నవ్వి ఊరుకోకూడనివి

ఇంతవరకూ చెప్పినవన్నీ రుచి చెడగొట్టేవే. కొన్ని మాత్రం ఒంటికి చేటు చేసేవి ఉన్నాయి. వీటి విషయంలో ‘పర్లేదులే’ అనకూడదు.

మొదటిది పటిక, పటికబెల్లం. పేరులో సగం ఒకటే, చూపులకూ రెండూ తెల్లటి స్ఫటికాల్లాగే ఉంటాయి. పటికబెల్లం అంటే కలకండ, తినేది. పటిక అంటే నీళ్లు తేర్చడానికి, గడ్డం గీసుకున్నాక రుద్దుకోవడానికి, దిష్టికి గుమ్మంలో కట్టడానికి వాడేది. పూజా సామాన్ల కొట్టులో రెండూ దొరుకుతాయి. నాలుక మీద పెడితే ఒకటి తీపి, ఇంకోటి వగరు. పసిపిల్లల పాలలోకని తెస్తున్నప్పుడు ‘కలకండ’ అనే అడగండి, పేరు దగ్గరే తగువు తీరిపోతుంది.

రెండోది వంటసోడా, బట్టలసోడా. రెండూ తెల్ల పొడులే. బట్టలసోడా చాలా ఘాటైన క్షారం, నోరూ గొంతూ కాలుస్తుంది. విడిగా పొట్లం కట్టించుకునే అలవాటుంటే ఇది మానేయాల్సిన చోటు. తినే సోడాను పేరు అచ్చేసిన ప్యాకెట్లోనే కొనండి. ఇంటికి తెచ్చాక రెంటినీ ఒకే అలమారలో పెట్టకండి.

మూడోది దీపారాధన నూనె. సీసా చూస్తే అచ్చం నువ్వుల నూనె సీసాయే. కొన్నింటి మీద నువ్వుల బొమ్మ కూడా ఉంటుంది. తినడానికి కాదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ధర తక్కువగా ఉందని తెచ్చి పచ్చడిలో పోశారంటే పచ్చడీ పోతుంది, ఆరోగ్యమూ పోతుంది. సీసా తిప్పి వెనకవైపు చదవండి. తినే సరుకుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబరు ఉండాలి.

నాలుగోది కందిపప్పులో కలిసే ఖేసరి పప్పు. ఇది మనం తప్పు కొనడం కాదు, మనకు తప్పు అమ్మడం. గింజ గుండ్రంగా కాకుండా నలుచదరంగా, ఒకవైపు వాలుగా ఉంటుంది. దీన్ని నెలల తరబడి ప్రధాన ఆహారంగా తింటే కాళ్లు చచ్చుబడే జబ్బు వస్తుంది. అందుకే 1961 లోనే దీని అమ్మకం మీద నిషేధం వచ్చింది. విడిగా పప్పు కొనేవాళ్లు గుప్పెడు తీసి పళ్లెంలో పరిచి చూసుకోవడం మంచిది.

తప్పు సరుకు వెల ఎంత? తప్పు మాట వెల ఎంత?

ఇప్పుడు అసలు విషయం. అరకిలో పప్పు తప్పు తెస్తే పోయేది కొన్ని పదుల రూపాయలు. అది కూడా పోదు, పూర్ణాలకో వడలకో వాడుకోవచ్చు. ఎటొచ్చీ ఆ పప్పు చుట్టూ జరిగే సంభాషణే ఖరీదైంది.

‘పాతికేళ్ల కాపురంలో ఇదీ తెలీదు’ అంటుందావిడ. ‘నీకు చెప్పడం రాదు’ అంటాడాయన. పప్పు దగ్గర మొదలైన మాట పుట్టింటి దాకా, అత్తగారి దాకా, పదేళ్ల కిందటి పండగ దాకా పోతుంది. చివరికి ఆవిడ ‘ఇకమీదట నేనే తెచ్చుకుంటా’ అంటుంది. ఆయన మొహం మాడ్చుకున్నట్టు కనిపిస్తాడు గానీ లోపల హాయిగానే ఉంటాడు. మళ్లీ సంచీ పట్టుకునే పని తప్పింది కదా! ‘ఒకసారి తప్పు తెస్తే మళ్లీ మనల్ని పంపరు’ అని స్నేహితులకు కిటుకు చెప్పుకునే ఘనులు కూడా ఉన్నారు. నవ్వుతూ చెప్పుకునే ఆ కిటుకు వెల ఎవరు కడుతున్నారో ఎప్పుడైనా లెక్కేశారా?

ప్రభుత్వమే లెక్కేసింది. 2019 లో దేశమంతా జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసేవాళ్లు ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో 26 మంది అని తేలింది. ఆ పని చేసే ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు పడుతుంటే, మగవాళ్లకు 97 నిమిషాలు. అయిదు గంటలెక్కడ, గంటన్నర ఎక్కడ! ‘నేనే తెచ్చుకుంటా’ అన్న ప్రతిసారీ ఆ అయిదు గంటలకు ఇంకో అరగంట తోడవుతోందన్నమాట.

అలాగని తప్పంతా ఆయనదే అనడం కూడా న్యాయం కాదు. ‘పప్పు అయిపోయింది, తీసుకురండి’ అని మెసేజ్ పెట్టి, వచ్చాక ‘ఏ పప్పో ఆమాత్రం తెలీదా’ అంటే ఎలా? కావలసింది తన మనసులో స్పష్టంగా ఉంది కాబట్టి ఎదుటివాళ్లకూ స్పష్టంగానే ఉంటుందనుకోవడం మనందరికీ ఉన్న అలవాటు. పైగా, వంటింట్లోకి రాబోతే ‘మీకెందుకు, మీరు వెళ్లి కూర్చోండి’ అని పాతికేళ్లు గుమ్మంలోనే ఆపేసి, ఇవాళ హఠాత్తుగా పరీక్ష పెడితే ఎవరు పాసవుతారు?

కొత్త జంటల్లో కథ మరోలా ఉంది. ఇద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరూ హాస్టళ్లలో పెరిగినవాళ్లు. వంట ఆయన చేస్తే ఆర్డర్ ఆవిడ పెడుతుంది. ఇద్దరికీ తెలియదు కాబట్టి ఒకరినొకరు ఎత్తిపొడవరు. సోంపుతో పోపు పెట్టుకుని, తిని, నవ్వుకుంటారు. తెలియకపోవడం తగవు కాదు. ‘నీకు తెలిసి ఉండాల్సింది’ అనడమే తగవు.

ఆ డబ్బాల మీద పేర్లు లేవు

ఇంకో మాట చెప్పాలి. ఇది నవ్వులాట కాదు. అరవై దాటిన ఇళ్లల్లో చూడండి. కూతురి పురిటికని ఆవిడ ఆర్నెల్లు అమెరికా వెళుతుంది. లేదా జారిపడి కాలు విరిగి మంచం పడుతుంది. నలభై ఏళ్లలో మొదటిసారి ఆయన ఒక్కడే వంటింట్లో నిలబడతాడు. ఎదురుగా వరసగా స్టీలు డబ్బాలు. ఒక్కదాని మీదా పేరు లేదు. ఆవిడకు అక్కర్లేదు మరి, చెయ్యి దానంతటదే వెళుతుంది. ఆయన మూత తీసి చూస్తాడు, గింజలు కనిపిస్తాయి, ఏమిటో తెలియదు. ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి, ఫోను చేసి లేపడానికి మొహమాటం. సరే, బిస్కెట్లు తిని పడుకుంటాడు. షుగరు, బీపీ ఉన్న మనిషి అలా ఎన్నాళ్లుంటాడు?

మంచంలో ఉన్న ఆవిడ బాధ ఇంకోరకం. నొప్పి కంటే ఎక్కువగా ‘ఆయన ఏం తింటున్నారో’ అనే దిగులు. పరాయి ఊళ్లో ఉన్న పిల్లలకు అదే దిగులు. జీలకర్రకూ సోంపుకూ తేడా తెలియడం అంటే వంటవాడైపోవడం కాదు. అవసరమొచ్చిన రోజున తన అన్నం తాను వండుకోగలగడం, ఆవిడకింత చారు కాచి ఇవ్వగలగడం. ఆ రోజు చెప్పి రాదు. నేర్చుకోవడం మాత్రం ముందే కావాలి.

ఒక ఆదివారం, పది నిమిషాలు

చేయాల్సింది పెద్దగా ఏం లేదు. ఈ ఆదివారం పోపుల డబ్బా మధ్యలో పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. ఒక్కో గింజా చేతిలోకి తీసుకుని, నలిపి, వాసన చూసి పేరు చెప్పుకోండి. పిల్లల్నీ కూర్చోబెట్టండి, మగపిల్లల్ని ముందు. వాళ్లకది ఆట. తర్వాత డబ్బాల మీద పేర్లు రాసి అతికించండి.

చీటీ రాసేటప్పుడు పేరుతో పాటు ఎందుకో కూడా రాయండి. ‘రవ్వ 1 కిలో’ అని కాదు, ‘రవ్వ, ఇడ్లీకి, 1 కిలో’ అని. అప్పుడు కొట్టులో ఎవరినడిగినా సరైనది చూపిస్తారు. అయిపోతున్న ప్యాకెట్‌ను పారేసేముందు ఫొటో తీసి పంపండి. అదే అన్నిటికంటే మంచి చీటీ. తెచ్చేవాళ్లు కూడా అనుమానం వస్తే బిడియపడకుండా అడగండి. అడగడం పరువు తక్కువ కాదు, రెండోసారి తిరగడం పెట్రోలు దండగ.

ఇంత చేసినా తప్పు సరుకు వస్తుంది. రానివ్వండి. కవరు చింపకపోతే మార్చుకోవచ్చేమో అడగండి. లేదంటే ఉప్మా రవ్వ వస్తే పెరుగు కలిపి రవ్వ ఇడ్లీ, శనగపప్పు వస్తే కొబ్బరిపచ్చడి, సోంపు వస్తే భోజనం తర్వాత నోట్లో వేసుకోవడానికి. తినదగ్గ సరుకు ఏదీ వృథా పోదు, కొంచెం మెనూ మారుతుంది, అంతే. ఆ పూట తెచ్చినవాళ్లనే పక్కన నిలబెట్టుకుని వండండి. వచ్చే నెల ఆ పప్పును వాళ్లు మర్చిపోరు.

‘నేనే తెచ్చుకుంటా’ అనే మాట నోటిదాకా వస్తే మాత్రం అక్కడే మింగేయండి. దాని బదులు ‘ఈసారి ఇద్దరం వెళదాం, చూపిస్తా’ అనండి. అది విన్నవాళ్లు ఫోను చూసుకుంటూ తలూపకుండా, నిజంగానే సంచీ తీసుకుని లేవండి.